లెక్కకెక్కిన కాన్పులు

అండమాన్ సంచార తెగల్లో బిడ్డను కనడం ఒకప్పుడు అడవికీ, నడకకూ, గుంపుకూ సంబంధించిన వ్యవహారం. ఇప్పుడు అందులో రేషన్, రోడ్డు, రిజిస్టరు కూడా వాటాదార్లయ్యాయి.

శ్రీవిజయపురం రేవులో (2024 సెప్టెంబర్ దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్) రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి లిటిల్ అండమాన్ చేరవచ్చు. హట్ బే జెట్టీ మీద దిగిన మనిషికి కొత్త లోకంలో అడుగుపెట్టినట్టేమీ అనిపించదు. టీ బడ్డీలు, చేపల బుట్టలు, బెంగాలీ, తమిళం, తెలుగు, నికోబారీ యాసలు కలిసిన హిందీ. 1960ల చివర్లో అడవి నరికి తూర్పు పాకిస్థాన్ శరణార్థులను తెచ్చి నిలబెట్టిన దీవి ఇది. కోస్తాలోని ఏ చిన్న రేవు పట్నానికైనా తోబుట్టువులా కనిపిస్తుంది.

ఇక్కడి ఆడవాళ్ల సంసారం కథ కూడా మనకు తెలిసిందే. పెళ్లి, తొలి కాన్పు, రెండో కాన్పు కాగానే ఆపరేషన్ గురించి నర్సు మాట, ఆ మాట మీద అత్తగారి అభిప్రాయం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసొచ్చిన మత్స్యకార కుటుంబాలు ఇందులో ఎక్కువ. ఈ దీవుల్లో చిన్న కుటుంబం అన్న మాట బాగానే నాటుకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య 1.3. ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8. అంటే ఆపరేషన్ల విషయంలో దేశానికే దారి చూపిన తెలుగు నేల కంటే కూడా ఈ దీవులు ముందున్నాయి.

అదే దీవి ఈశాన్యపు కొసన, సముద్రపు పాయ ఒడ్డున డుగాంగ్ క్రీక్ ఉంది. 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ నిబంధనల ప్రకారం అనుమతి లేనిదే అక్కడికి ఎవరూ వెళ్లరాదు. అక్కడుండేది ఒంగేలు. ఈ దీవిని గౌబొలాంబె అని పిలుచుకునే, ఒకప్పుడు దీవంతా తమదే అయిన జనం. ఆ చిన్న కాలనీలో లెక్క తలకిందులవుతుంది. హట్ బేలో రెండో కాన్పు తర్వాత ఇక చాలనే ఆరోగ్య శాఖే, డుగాంగ్ క్రీక్‌లో ఒక స్త్రీ నెల తప్పిందంటే శుభవార్తగా ఫైల్లో రాసుకుంటుంది. పుట్టిన బిడ్డ గురించి రాజధానికి కబురు వెళుతుంది, పత్రికల్లో వార్త వస్తుంది.

కారణం అంకెల్లోనే ఉంది. 1901లో ఒంగేలు 672 మంది. 1961 నాటికి 129. 1981లో 97. 2001లో 96. 2011లో 101. నలభై ఏళ్లుగా ఒక తెగ మొత్తం ఒక పల్లెటూరి పెళ్లి విందుకు వచ్చేంత మందితో నెట్టుకొస్తోంది. అలాంటి చోట ఒక్క కాన్పు ఒక శాతం పెరుగుదల. ఒక్క చావు ఒక శాతం నష్టం.

ఒకే దీవి, ఒకే ఆసుపత్రి, రెండు విధానాలు. ఒకరిని ఆపమంటారు, ఇంకొకరిని కనమంటారు. రెండు చోట్లా ప్రభుత్వానికి ఒక సంఖ్య కావాలి. మరి కనే మనిషి ఏమనుకుంటోందన్నది ఆ సంఖ్యలో ఎక్కడుంది? అండమాన్ సంచార స్త్రీల నూట అరవై ఏళ్ల చరిత్ర చుట్టూ తిరిగే ప్రశ్న ఇదే.

చంకన ఒక్కరే

సంచారం చేసే సంసారానికి తనదైన కుటుంబ నియంత్రణ ఉంటుంది. ఎండాకాలం మేత కోసం గొర్రెల మందల వెంట జిల్లాలు దాటే మన గొల్ల, కురుమ కుటుంబాలను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. నడవలేని బిడ్డ చంకనెక్కాలి. చంకలో ఒక్కరికే చోటు. సామాను ఎంత ఉండాలో, పిల్లలకు మధ్య ఎడం ఎంత ఉండాలో రెండూ నడకే చెబుతుంది.

ఒంగేలకూ, జారవాలకూ, గ్రేట్ నికోబార్‌లోని షోంపెన్‌లకూ మందల్లేవు. కానీ కాలాన్ని బట్టి నడక ఉంది. అడవి పందికి ఒక రుతువు, తేనెకు ఒకటి, తాబేళ్లకూ చేపలకూ మరొకటి. విడిది మారినప్పుడల్లా చెట్టు బెరడుతో చేసిన పట్టీని భుజానికి తగిలించుకుని తల్లి బిడ్డను మోసుకెళుతుంది. మరో బిడ్డ పుట్టాలంటే ముందుది కాళ్ల మీద నిలబడాలి.

ఇందులో శరీర ధర్మం కూడా తన పని చేస్తుంది. బిడ్డ పదే పదే పాలు తాగుతున్నంత కాలం తల్లిలో అండం విడుదల మందగిస్తుంది. బక్క శరీరం, రోజంతా నడక తోడైతే ఆ ప్రభావం ఇంకా గట్టిపడుతుంది. ఆఫ్రికాలోని కలహారీ ఎడారిలో సంచారం చేసే కుంగ్ స్త్రీలపై 1960, 70 దశకాల్లో జరిగిన పరిశోధనల్లో కాన్పుకూ కాన్పుకూ మధ్య దాదాపు నాలుగేళ్ల ఎడం కనిపించింది. వారి దగ్గర మాత్రల్లేవు, లూప్‌ల్లేవు. పగలంతా గంటకు కొన్నిసార్లు పాలు తాగే బిడ్డే ఆ పని చేసింది. అదే స్త్రీలు ఒకచోట స్థిరపడి, పశువుల పాలకూ, గంజికీ అలవాటుపడ్డాక ఆ ఎడం తగ్గింది. అండమాన్‌లోనూ తల్లులు మూడు నాలుగేళ్ల బిడ్డకు కూడా పాలివ్వడం 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ హోరేస్ మాన్ రాసిపెట్టారు. పాలున్న ఏ స్త్రీ అయినా గుంపులోని ఏ బిడ్డకైనా పాలిచ్చేదని కూడా ఆయన గమనించారు.

అయితే ఇదంతా ప్రకృతి ఒక్కటే చేసిన ఏర్పాటు అనుకుంటే సగమే చూసినట్టు. మిగతా సగం సమాజానిది. 1906-08 మధ్య అండమాన్‌లో పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ ఉత్తర అండమాన్ తెగల నమ్మకాలు కొన్ని నమోదు చేశారు. పుట్టబోయే పిల్లల ప్రాణాలు ఒక రకం మర్రి జాతి చెట్టును ఆశ్రయించుకుని ఉంటాయట. పచ్చ పావురాలు కూస్తున్నప్పుడు తల్లి కడుపులోకి వస్తాయట. బిడ్డ కావాలనుకున్న స్త్రీ తోన్‌ముకెత్ అనే చోట, ఆటుపోటు తగ్గినప్పుడు పగడపు దిబ్బ మీదికి వెళ్లి అక్కడి రాళ్లపై నిలబడేదట. ఆ రాళ్లు ఒకప్పుడు సముద్రంలో చిక్కుకుపోయిన పిల్లలని, వారిలో ఒకరు ఆమె కడుపున పడతారని నమ్మకం.

మన ఊళ్లలో సంతానం కోసం రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసే ఆడవాళ్లకు ఈ మాట అంత వింతగా తోచదు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కోరిక ఆమెది. దిబ్బ మీదికి నడిచి వెళ్లేదీ ఆమే. వెళ్లకపోతే అడిగేందుకు అక్కడ రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ మనిషి లేడు.

కడుపు పండాక మాత్రం అది ఆమె ఒక్కదాని వ్యవహారం కాదు. బిడ్డకు కడుపులో ఉండగానే పేరు పెడతారు. తల్లితోపాటు తండ్రి కూడా కొన్ని తిండ్లకు దూరంగా ఉంటాడు. పుట్టిన పసికందు పోయి, మళ్లీ త్వరలో కాన్పు అయితే పోయిన బిడ్డే తిరిగొచ్చిందని పాత పేరే పెడతారు. కాస్త ఎదిగిన పిల్లలను స్నేహితులు, బంధువులు అడిగి తెచ్చుకుని పెంచుకోవడం సర్వసాధారణం. తన పిల్లలు వేరొకరి గుడిసెలో, వేరొకరి పిల్లలు తన గుడిసెలో. నాకెందరు అన్న లెక్కకు ఆ సమాజంలో పెద్ద అర్థమే లేదు. మనకెందరు అన్నదే లెక్క.

అలాగని దాన్ని స్వేచ్ఛా లోకంగా ఊహించుకోనక్కర్లేదు. పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చేవే. పసికందుల చావులు ఎక్కువే. కానీ నిర్ణయం ఏదైనా అది నిప్పు చుట్టూ కూర్చున్న ఆ పాతిక ముప్పై మంది మధ్యే తేలేది. బయటి మనిషికి అందులో పాత్ర లేదు.

హోమ్‌లలో ఖాళీ ఊయలలు

ఆ పాత్ర 1858లో మొదలైంది. సిపాయిల తిరుగుబాటు తర్వాత ఖైదీల కోసం బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా స్థావరం నెలకొల్పింది. 1863లో రాస్ దీవిలో మతాధికారి హెన్రీ కార్బిన్ ఆధ్వర్యంలో అండమాన్ హోమ్ వెలిసింది. అడవి మనుషులకు ఇల్లు, తిండి, బట్ట ఇచ్చి నాగరికం చేయడం దాని ఉద్దేశం. స్థిరనివాసం వారి సంతతికి మేలు చేస్తుందన్న నమ్మకంలో ఆనాటి అధికారులకు సందేహమే లేదు.

ఫలితం భయంకరం. హోమ్‌లలో పుట్టిన సుమారు 150 మంది పిల్లల్లో ఒక్కరు కూడా రెండేళ్లు దాటి బతకలేదని చరిత్రకారులు చెబుతారు. 1876లో సవాయి రోగం బయటపడింది. అది ఖైదీల నుంచి, కాపలాదార్ల నుంచి ఆడవాళ్లకు, వారి నుంచి గుంపులకు పాకింది. మరుసటి ఏడాది తట్టు వచ్చింది. సవాయి సోకిన స్త్రీకి గర్భం నిలవదు, నిలిచినా బిడ్డ దక్కడం కష్టం. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీస్ 1901 నాటికి 625 మంది అయ్యారు. 1961 నాటికి మిగిలింది 19 మంది.

ఆ స్త్రీలను పిల్లల్ని కనవద్దని ఎవరూ అనలేదు. ఆపరేషన్ చేయలేదు, మాత్రలివ్వలేదు. బట్టలిచ్చారు, బియ్యమిచ్చారు, పైకప్పు ఇచ్చారు. ఒక తెగ సంతతిని అంతకంటే సమర్థంగా ఆపిన కార్యక్రమం చరిత్రలో అరుదు.

లిటిల్ అండమాన్ దూరంగా ఉండడం వల్ల ఒంగేలకు కష్టం ఆలస్యంగా వచ్చింది. 1950ల్లో వారి మధ్య గడిపిన ఇటలీ మానవ శాస్త్రవేత్త లిడియో చిప్రియాని పిల్లల్లేని జంటలు ఎక్కువగా ఉండటం గమనించారు. తర్వాత వచ్చిన పరిశోధకులకూ అదే కనిపించింది. తెగ చిన్నదయ్యేకొద్దీ ఈడుజోడు దొరకడం కష్టమైంది. వేటగాళ్ల కులాచారం ప్రకారం ఎవరు ఎవరిని చేసుకోవాలో కట్టుబాట్లున్నాయి. వంద మందిలో వరసైనవారు ఎందరు? పడుచు కుర్రవాడికి వయసు మళ్లిన వితంతువు, పెద్దాయనకు చిన్నపిల్ల. ఇలాంటి జంటల్లో ఇక సంతానం మాటేమిటి? ఒంగే స్త్రీకి పిల్లలెందరన్నది తేల్చడంలో ఆమె ఇష్టం కంటే, భర్త ఇష్టం కంటే ముందు, పెళ్లికి మిగిలిన మనుషుల సంఖ్య నిలిచింది.

1957లో దీవి మొత్తాన్నీ గిరిజన రిజర్వుగా ప్రకటించిన ప్రభుత్వమే పదేళ్లు తిరిగేసరికి అందులో కాలనీలకు, కలప కొట్టుడుకు, ఆయిల్ పామ్ తోటలకు చోటిచ్చింది. 1976 ప్రాంతంలో ఒంగేలను డుగాంగ్ క్రీక్‌లో, సౌత్ బేలో స్థిరపరిచే పని మొదలైంది. స్తంభాల మీద రేకుల ఇళ్లు కట్టారు. కొబ్బరితోట వేశారు. బియ్యం, పప్పు, చక్కెర, టీ పొడి ఉచితంగా ఇచ్చారు. ఈ వ్యవహారాలు చూసేందుకు అండమాన్ ఆదిమ జనజాతి వికాస్ సమితి ఏర్పడింది.

ఇందులో మేలు లేదనలేం. నర్సు వచ్చింది. మందులొచ్చాయి. కాన్పు కష్టమైతే హట్ బేకో, రాజధానిలోని జి.బి. పంత్ ఆసుపత్రికో తరలించే వీలు కలిగింది. పసికందులు బతుకుతున్నారు. ఒక శతాబ్దం పాటు జారిపోయిన సంఖ్య నిలబడింది. 2004 డిసెంబర్ 26 సునామీ నాడు సముద్రం వెనక్కి తగ్గడం చూసి ఎత్తయిన చోటుకు పరుగెత్తి ఒంగేలంతా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తెలివి మాత్రం రేషన్ దుకాణంలో దొరికింది కాదు.

నాలుగేళ్లకు, 2008 డిసెంబర్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బాలోని ద్రవాన్ని మద్యం అనుకుని తాగి ఎనిమిది మంది ఒంగేలు చనిపోయారు. తెగలో దాదాపు పన్నెండో వంతు. పెద్ద సమాజంలో అది ఒక కల్తీసారా విషాదం. ఇక్కడ ఒక తరం పెళ్లిళ్ల లెక్కే తారుమారైంది. కుటుంబ నియంత్రణ అంటే ఆసుపత్రి వ్యవహారమనుకునే వారికి డుగాంగ్ క్రీక్ చెప్పే పాఠం ఇది. సారా కూడా జనాభా విధానమే.

జిర్కాటాంగ్ గేటు దగ్గర

దక్షిణ అండమాన్‌లో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజాము నుంచే కార్లు, బస్సులు, లారీలు బారులు తీరతాయి. నిర్ణీత వేళకు గేటు తెరుస్తారు. ముందూ వెనకా పోలీసు వాహనాలతో బిడారులా కదిలి మిడిల్ స్ట్రెయిట్ దాకా అడవి దాటాలి. మధ్యలో ఆగరాదు, ఫొటోలు తీయరాదు, తినేది విసరరాదు. ఆ అడవి జారవాలది. ఆ రోడ్డు అండమాన్ ట్రంక్ రోడ్డు. అందులో ఆ మేర మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాహనాలు మాత్రం ఆగలేదు.

బాణాలతో బయటివారిని ఆమడ దూరంలో ఉంచిన జారవాలు 1997-98లో తమంతట తామే అడవి దాటి ఊళ్లలోకి రావడం మొదలుపెట్టారు. 1999లో తట్టు వ్యాపించింది. గ్రేట్ అండమానీస్ కథ మళ్లీ మొదలవుతుందని భయపడ్డారు. కానీ ఈసారి వైద్యులు అక్కడ ఉన్నారు. ఆ రోజుల్లో కదమ్‌తలాలో జారవాలకు వైద్యం చేసిన డాక్టర్ రతన్ చంద్ర కర్‌కు 2023లో పద్మశ్రీ దక్కింది. 2004లో ప్రభుత్వం ప్రకటించిన జారవా విధానం ఒంగేలకు చేసిన పని వీరికి చేయకూడదని తేల్చింది. ఇళ్లు కట్టొద్దు, రేషన్ అలవాటు చేయొద్దు, జబ్బు చేస్తే వైద్యం చేసి అడవికి పంపాలి. అంటే జోక్యం వీలైనంత తక్కువ.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2001లో 240 మంది జారవాలు 2011కి 380 అయ్యారు. ఎవరూ కనమని చెప్పలేదు. ప్రోత్సాహకం ప్రకటించలేదు. తిరిగేందుకు అడవి ఉంది, తినేందుకు పంది, తేనె, చేప ఉన్నాయి, ప్రాణం మీదికొస్తే డాక్టరున్నాడు. మిగతాది వారే చూసుకున్నారు. సంతతి గురించి విధానం రాయాలనుకునే వారు ఒంగేల అంకెల పక్కన జారవాల అంకెలు పెట్టి చూస్తే చాలు.

కానీ రోడ్డు రోడ్డే. దాని వెంట పొగాకు వచ్చింది, సారా వచ్చింది, వేటాడిన మాంసానికి బదులిచ్చే బేరగాళ్లు వచ్చారు. జారవా స్త్రీలపై లైంగిక దోపిడీ జరుగుతోందన్న ఆరోపణలూ వచ్చాయి. 2016 మార్చిలో ఒక ఘటన బయటి ప్రపంచానికి తెలిసింది. బయటి మనిషి వల్ల పుట్టిందనుకున్న అయిదు నెలల పసికందు చనిపోయింది. తెగలోని మనిషే ప్రాణం తీశాడన్నది ఆరోపణ. పోలీసులు ఇరకాటంలో పడ్డారు. చట్టం ప్రకారం హత్య. విధానం ప్రకారం తెగ ఆచారాల్లో జోక్యం కూడదు. చివరికి ఆ వ్యవహారంలో అరెస్టయింది బయటివారు ఇద్దరు.

ఆ వార్తపై దేశ విదేశాల్లో చర్చ జరిగింది. చట్టం గొప్పదా, ఆచారం గొప్పదా అని వాదోపవాదాలు నడిచాయి. ఆ తల్లి ఏమనుకుంటోందన్నది ఆ చర్చలో దాదాపు ఎక్కడా వినిపించలేదు. గర్భం ఆమె కోరి తెచ్చుకున్నదా? బిడ్డను ఆమె ఉంచుకోవాలనుకుందా? బయటి మగవాడు ఒకటి తేల్చాడు, తెగ మగవాడు మరొకటి తేల్చాడు, పోలీసు ఫైలు మూడోది తేల్చింది. సమాజం ఒత్తిడి అన్న మాటకు ఇంతకంటే క్రూరమైన ఉదాహరణ దొరకదు.

అంకె పెరిగింది, మాట పోయింది

రాజధానికి ఉత్తరంగా సముద్రంలో స్ట్రెయిట్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. 1970 ప్రాంతంలో మిగిలిన గ్రేట్ అండమానీస్‌ను అక్కడ చేర్చారు. పాతిక మందికి తక్కువగా ఉన్న జనానికి పెళ్లిళ్లు చేసుకోవాలంటే బయటికి వెళ్లక తప్పదు. బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు, రాంచీ నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు, ఇతర వలసదార్లతో సంబంధాలు కలుపుకున్నారు. పుట్టిన పిల్లలను తెగవారిగానే లెక్కించారు. 1961లో 19 ఉన్న సంఖ్య 2001లో 43, 2011లో 44 అయింది. కాగితం మీద ఇది విజయమే.

కానీ ఆ పిల్లలు మాట్లాడేది హిందీ. 2010 జనవరిలో బోవా సీనియర్ కన్నుమూయడంతో బో భాష మాట్లాడే చివరి గొంతు మూగబోయింది. 2020 ఏప్రిల్‌లో లిచో మరణంతో సారె భాష పోయింది. పెళ్లి చూపుల వేళ, కాన్పు వేళ, పేరు పెట్టే వేళ పెద్దలు చెప్పే మాటలన్నీ ఆ భాషల్లోనే ఉండేవి. కడుపులో బిడ్డకు పేరు పెట్టే ఆచారానికి ఆ పేర్లు పుట్టిన భాషే లేకుండాపోయింది. తెగ నిలవడమంటే తలలు లెక్కకు రావడమేనా అన్న సందేహం స్ట్రెయిట్ ఐలాండ్ చూస్తే కలుగుతుంది.

ఆపమన్నదీ వారే, కనమన్నదీ వారే

సంఖ్య తగ్గుతోందన్న ఆందోళన తప్పుగా దిగితే ఏమవుతుందో ప్రధాన భూభాగం చెబుతుంది. ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్ల తర్వాత 1979లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగాలతో సహా కొన్ని ఆదిమ తెగల వారికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయరాదని ఆంక్ష పెట్టింది. ఉద్దేశం తెగలను కాపాడటం. ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక కూడా ఆ ఆంక్ష కొనసాగింది. అయిదారు కాన్పులతో నీరసించిన బైగా స్త్రీలు ఆపరేషన్ చేయమంటే తెగ పేరు చూసి వెనక్కి పంపారు. కొందరు తెగ పేరు దాచి చేయించుకున్నారు. చివరికి వ్యవహారం హైకోర్టుకెక్కి 2018లో ఆంక్ష తొలగింది. కాపాడటం, నిర్బంధించడం మధ్య గీత ఎంత సన్ననో ఆ స్త్రీలకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

ఇది అడవికే పరిమితమైన గొడవ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారేనని 2019-21 సర్వే చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 చట్టంలోనే ఉంది. 2024 నవంబర్‌లో అదే రాష్ట్ర శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. జనాభా ముసలిదవుతోంది, ఎక్కువ మందిని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగా పిలుపునిచ్చారు. ఒక తరం ఆడవాళ్లను చాలన్న ప్రభుత్వం, వారి కూతుళ్లను కనమంటోంది. హట్ బేకీ డుగాంగ్ క్రీక్‌కూ మధ్య ఉన్న తేడా తెలుగునాట ముప్పై ఏళ్లలో కనిపించింది.

అండమాన్ సంచార తెగలు నేర్పేదేమిటంటే, స్త్రీ ఎందరిని కంటుందన్నది కుటుంబ సంక్షేమ శాఖ గదిలో తేలే విషయం కాదు. దానికి చాలా ముందే అడవి ఎంత మిగిలింది, నడిచే దారి ఉందా, జోడు దొరుకుతుందా, సారా ఎవరు అమ్ముతున్నారు, పసికందు బతుకుతుందన్న భరోసా ఉందా అన్నవి తేలుస్తాయి. ఇవి బాగుంటే స్త్రీ మాటకు చోటుంటుంది. ఇవి చెడితే ఆపరేషన్ వద్దన్నా, కావాలన్నా ఆమె మాట మిగలదు.

ఆ పరీక్ష ఇప్పుడు గ్రేట్ నికోబార్‌కు వచ్చింది. దట్టమైన వర్షారణ్యంలో ఏటి ఒడ్డుల వెంట తిరిగే షోంపెన్‌లు 2001 లెక్కల్లో 398 మంది, 2011లో 229. గలాథియా తీరంలో భారీ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. 2011లో ఎనిమిది వేల మంది ఉన్న దీవికి లక్షల్లో జనం వస్తారన్నది అంచనా. ఇది తెగ అంతానికి దారితీస్తుందని 2024 ఫిబ్రవరిలో 39 మంది అంతర్జాతీయ పండితులు రాష్ట్రపతికి లేఖ రాశారు. తెగ ప్రయోజనాలకు భంగం కలగనివ్వబోమని ప్రభుత్వం చెబుతోంది. రాస్ దీవిలో హోమ్ కట్టినవారికి కూడా తాము మేలే చేస్తున్నామన్న నమ్మకం ఉండేది.

2011 తర్వాతి జనగణన 2027కు ఖరారైంది. వివాహిత స్త్రీకి ఎందరు పిల్లలు పుట్టారు, అందులో ఎందరు బతికున్నారన్నది అందులో మామూలుగా ఉండే ప్రశ్నే. ఆమె ఎందరిని కావాలనుకుందన్న ప్రశ్నకు మాత్రం ఆ ఫారంలో గడి లేదు.